పావు కాదు, పౌన్

ముందు పోయినవి రాస్తాను.

మా ఆమె ఒంట్లో చుక్కకు రెండు లక్షల మూడు వేల చొప్పున ప్లేట్‌లెట్లు. చుక్క అంటే మనం రోజూ అనుకునే చుక్క కాదు. ఆవగింజలో పావు వంతు ఉంటుందేమో, రక్తపరీక్ష చేసేవాళ్లు లెక్క కోసం పెట్టుకున్న చుక్క అది. ఆమె బరువులో నాలుగు కిలోలు, నా బరువులో కిలోన్నర. చెయ్యి వాచిపోతే సబ్బు రాసి తీస్తుండగా విరిగిన గాజు ఒకటి. తొమ్మిది రోజుల పని. టిఫిన్ డబ్బా మూత ఒకటి, ఎక్కడ వదిలేశామో ఇప్పటికీ తెలియదు. చివరిది, అంకెల విషయంలో నా మీద నాకున్న నమ్మకం. దానికి కొలత లేదు కాబట్టి అంకె వెయ్యడం లేదు.

ఇందులో చాలావరకు తిరిగి వచ్చాయి. అందుకే ఇంత తీరికగా రాయగలుగుతున్నాను.

నేను చదివింది ఏడో తరగతి, అదీ కన్నడలో. ఇంట్లో తెలుగు, సర్కారు ఆఫీసుల్లో కన్నడ, బజార్లో ఉర్దూ కలిసిన హిందీ. బీదర్‌లో అందరి బతుకూ ఇంతే. చిన్నప్పుడు మేస్త్రీలకు రాళ్లు అందిస్తూ, గోడ పొడవు ఎత్తు చూసి ఎర్రరాయి ఎంత పడుతుందో, సిమెంటు ఎన్ని బస్తాలు కావాలో నోటితోనే చెప్పడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఇల్లు కట్టుకునేవాళ్లు ముందు నన్ను పిలిచి లెక్క కట్టించుకుంటారు. పని అయ్యాక నేను చెప్పినదానికంటే పది రాళ్లు మిగిలినా నాకు అన్నం సయించదు. అటువంటి మనిషిని.

మా ఆమెకు జ్వరం వచ్చిన మూడో రోజు డెంగీ అని తేలింది. ఒక చిన్న ఆసుపత్రిలో చేర్పించాం. ఆరు నెలల ముందు పన్ను తీయించుకునేటప్పుడు చేసిన పరీక్షలో ఆమె ప్లేట్‌లెట్లు రెండు లక్షల అరవై రెండు వేలు. ఆ కాగితం నా సంచిలోనే ఉంది. చేర్పించిన రోజు ఒక లక్షా నలభై ఎనిమిది వేలు. మర్నాడు ఒక లక్షా పన్నెండు వేలు. డాక్టరు నిదానంగా చెప్పాడు: ఇంకా రెండు మూడు రోజులు తగ్గుతాయి, మళ్లీ అవే లేస్తాయి, ఇరవై వేల దగ్గరికి వస్తే మాత్రం హైదరాబాద్ తీసుకుపోవాలి. నేను నా లెక్కల పుస్తకంలో ఇరవై వేలు అని రాసుకుని కింద రెండు గీతలు గీసుకున్నాను.

ఆ మర్నాడు పన్నెండు గంటలకు రక్తం తీశారు. అది రెండు సందుల అవతల ఉన్న లాబ్‌కు పోతుంది. ఉత్తరాది నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన పెద్దాయన నడిపే లాబ్ అది. కాగితం సాయంత్రం వస్తుంది. నేను ఆగలేక, ఎంతకొచ్చిందో అడుగుదామని రెండు గంటలకు ఫోన్ చేశాను.

"సాబ్, కిత్నా ఆయా?"

వెనక ఏదో యంత్రం గిర్రున తిరుగుతోంది. "పౌన్ లాఖ్," అన్నాడాయన. "కాగజ్ షామ్ కో మిలేగా." కాగితం సాయంత్రం ఇస్తానని ఫోన్ పెట్టేశాడు.

పావు లక్ష.

పావంటే నాలుగో వంతు అని తెలుగింట్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పావుకిలో చక్కెర, పావుగంట, పావలా. లక్షలో పావు ఇరవై అయిదు వేలు. పుస్తకంలో నేను గీసుకున్న రెండు గీతలకు అయిదు వేలు పైన.

అక్కడే వరండాలో బెంచీ మీద కూర్చుని లెక్క వేశాను. నిన్న పన్నెండు గంటలకు లక్షా పన్నెండు వేలు, ఇవాళ పన్నెండు గంటలకు ఇరవై అయిదు వేలు. ఇరవై నాలుగు గంటల్లో పోయినవి ఎనభై ఏడు వేలు. గంటకు మూడు వేల ఆరు వందల ఇరవై అయిదు. ఈ లెక్కన ఉన్న ఇరవై అయిదు వేలూ ఆరు గంటల యాభై నాలుగు నిమిషాలకు అయిపోతాయి. అంటే ఈ సాయంత్రం ఏడుకు ఆరు నిమిషాల ముందు మా ఆమె రక్తంలో సున్న. హైదరాబాద్ మూడు గంటల దారి.

పెన్ను జేబులో పెట్టి లేచాను.

ఆసుపత్రిలో సిస్టర్‌ను అడిగితే డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నాడు, అయిదింటికి వస్తాడంది. "కాగితం రానియ్యి అన్నా, ఫోన్ల మాట పట్టుకొని ఉరుకుతవా?" అంది. ఆమె మాట మంచిదే. కాని ఆమె నా లెక్క చూడలేదు.

ఔరాద్‌లో ఉన్న మా బామ్మర్దికి ఫోన్ చేశాను. సంతకు మనుషుల్ని తిప్పే జీపు ఉంది అతనికి. "మీ అక్కను హైదరాబాద్ తీస్కపోవాలె" అన్నాను. ఎందుకని కూడా అడగలేదు. "వస్తున్న బావా" అన్నాడు. తర్వాత దుబల్‌గుండిలో పనిచేస్తున్న మేస్త్రీలకు చేశాను. హైదరాబాద్‌లో రక్తం ఎవరిస్తారో ఏమో, మన మనుషులే ఉంటే మంచిదనుకున్నాను. నలుగురు వస్తామన్నారు. మొత్తం తొమ్మిది ఫోన్లు.

తొమ్మిదో ఫోన్ కమలనగర్ మేస్త్రీకి. ఆయన మరాఠీ మనిషి, నాతో వచ్చీరాని హిందీలో మాట్లాడతాడు. లాబ్ ఆయన పలికింది పలికినట్టే చెప్పాను, పౌన్ లాఖ్‌కు వచ్చిందని.

"పౌన్ లాఖ్?" అన్నాడు. "ఫిర్ ఠీక్ హై నా. ఘబ్రానే కా క్యా హై?"

అయితే బాగానే ఉంది కదా, భయమెందుకు అంటున్నాడు! పదిహేనేళ్ల స్నేహం మాది. "నీ పెళ్లామైతే ఇట్లనే అంటవా? నీకు మనిషికన్న రాయి నయం," అని పెట్టేశాను. తొమ్మిది మందిలో నాకు నిజం చెప్పినవాడు ఆయనొక్కడే. ఆయన్నే తిట్టాను.

గదిలోకి పోతే మా ఆమె కళ్లు తెరిచి పడుకుని ఉంది. నేను ఆమె చేతుల మీద, మెడ మీద ఎర్రచుక్కలేమైనా వచ్చాయేమోనని వంగి చూస్తున్నాను.

"ఏందయ్యా, గోడను చూసినట్టు చూస్తున్నవ్? నాకెన్ని రాళ్లు పడ్డయో లెక్క కడుతున్నవా?"

"ఏం లేదు. హైదరాబాద్ పోదాం. పెద్ద దవఖాన ఉంటది."

"ఎందుకు? ఎన్నికొచ్చినయ్?"

నేను ఆమెకు ఎన్నడూ తప్పు అంకె చెప్పలేదు. ఆ రోజు అసలు అంకే చెప్పలేదు. "నాకైతే ఆకలైతాంది," అంది. "రెండు రోజులాయె, ఇవ్వాళే ఆకలైతాంది. జొన్నరొట్టె దొరుకుతదా?"

ఇరవై అయిదు వేలతో ఉన్న మనిషికి ఆకలేమిటని నాకు తట్టలేదు. పోయే ముందు ఆశ అనుకున్నాను. రొట్టె తెస్తానని చెప్పి బయటికి వచ్చి, గోడవైపు తిరిగి నిలబడ్డాను.

మూడున్నరకు జీపు వచ్చింది. బామ్మర్ది వెనక సీటు తీసేసి పరుపు పరిచి తెచ్చాడు. హైదరాబాద్‌లో చూపించడానికి కాగితం కావాలి కదా, ఇద్దరం లాబ్‌కు పోయాం. పెద్దాయన అప్పుడే అన్నం డబ్బా తెరుచుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే అచ్చయిన కాగితం తీసి ఇచ్చాడు. ప్లేట్‌లెట్ల ఎదురుగా సున్న పాయింట్ ఏడు అయిదు, పక్కన లక్షలు అని ఉంది.

ఏడు అయిదు.

"సాబ్, దీంట్ల తప్పు పడ్డది," అన్నాను హిందీలో. "రెండు అయిదు ఉండాలె. మీరే చెప్పితిరి గద, పావు లక్ష అని."

"మైనే పావ్ నహీఁ బోలా. పౌన్ బోలా."

"అదే గద, పావు."

ఆయన నన్ను చూశాడు, బామ్మర్దిని చూశాడు, బయట పరుపు వేసి ఉన్న జీపును చూశాడు. డబ్బాలోంచి ఒక రొట్టె తీసి నాలుగు ముక్కలు చేశాడు. ఒక ముక్క నా ముందు పెట్టాడు. "యే పావ్." మిగిలిన మూడు ముక్కలూ ఒకచోట చేర్చి రెండో పక్కన పెట్టాడు. "యే పౌన్."

నాకు ముందు అర్థం కాలేదు. బామ్మర్దికి అర్థమైంది. జీపు నడిపేవాడు, చిల్లర లెక్కల్లో పుట్టి పెరిగినవాడు. వాడు ఒక్కసారి పగలబడి నవ్వాడు.

"చారాణ కాదు బావా! బారాణ! లక్షకు బారాణ వంతు!"

చారాణ అంటే పావలా, రూపాయిలో నాలుగో వంతు. బారాణ అంటే ముప్పావలా. మా అక్క బారాణ ఉంది, మా అక్క బారాణ ఉంది, అంటూ వాడు కళ్లు తుడుచుకుంటున్నాడు. అది నవ్వో ఏడుపో నేను చూడలేదు. నేను మూడు ముక్కల రొట్టెను చూస్తున్నాను. ముప్పావు. డెబ్బై అయిదు వేలు.

బెంచీ మీద కూర్చుని పుస్తకం తీశాను. లక్షా పన్నెండు వేలలోంచి డెబ్బై అయిదు వేలు పోతే ముప్పై ఏడు వేలు. అంతకు ముందు రోజు పోయినవి ముప్పై ఆరు వేలు. అదే నడక, అదే జారుడు, డాక్టరు చెప్పింది చెప్పినట్టే. అప్పుడు సిగ్గేసింది. ఒక గోడకు మొన్న ముప్పై ఆరు రాళ్లు పట్టి, నిన్న ఎనభై ఏడు పట్టాయని ఏ కూలీ అయినా వచ్చి చెబితే, నేను గోడను అనుమానిస్తానా, వాడి మాటను అనుమానిస్తానా? అంకె అలా ఎగిరి దూకినప్పుడు ముందు అంకెనే అనుమానించాలని పదిమందికి నేర్పినవాణ్ణి.

గడియారం దగ్గర 'పౌనే నౌ' అంటే పావు తక్కువ తొమ్మిది అని నాకు తెలియనిది కాదు. అందులో తక్కువ అన్నమాట పౌనేలోనే దాక్కుని ఉంది. కాని లక్ష ముందు ఒంటరిగా పౌన్ నిలబడితే, అదే మాట అని నా చెవి గుర్తుపట్టలేదు. దగ్గర్లో ఉన్న సొంత మాటను పట్టుకుంది. మరాఠీ ఇంట్లో పుట్టిన మేస్త్రీకి అది ఇంటి మాటే.

"పచ్చత్తర్ హజార్ అంటే అయిపోతుండె గద సాబ్," అన్నాడు బామ్మర్ది, పావు ముక్క నోట్లో వేసుకుంటూ. పచ్చత్తర్ అంటే డెబ్బై అయిదు.

"పౌన్ లాఖ్ చిన్న మాట," అన్నాడు పెద్దాయన. "నాకు పని ఎక్కువ."

తిరిగి వచ్చేసరికి ఆసుపత్రి గేటు దగ్గర దుబల్‌గుండి నలుగురూ చేతులు మడిచి నిలబడి ఉన్నారు. జరిగింది చెప్పాను. ఒకడు నన్ను చూసి, "మా రాళ్ల లెక్క గూడ ఇట్లనే చేసినవా అన్నా, ఒకసారి మళ్ల చూడాలె," అన్నాడు. ఇంకొకడు, "తెచ్చిన రక్తం మళ్ల ఇంటికే తీస్కపోతున్నం," అన్నాడు. అందరికీ చాయ్, మిరపకాయ బజ్జీలు పెట్టించాను. ప్లేట్లు ఖాళీ అవుతుండగా ఆటో దిగాడు కమలనగర్ మేస్త్రీ. మొహం ఎర్రగా ఉంది.

"ఖూన్ దేనే నహీఁ," అన్నాడు. "ఝగడా కర్నే ఆయా." రక్తం ఇవ్వడానికి కాదట, కొట్లాడడానికి వచ్చాడట. అంటూనే చొక్కా చెయ్యి మడిచే ఉంచాడు.

చెయ్యి పట్టుకున్నాను. "తప్పయింది," అన్నాను. ఆయన నా మాట పూర్తిగా విన్నాక, నన్ను బజ్జీల ప్లేటు పట్టుకోమని చెప్పి తను తిన్నాడు. ఆయనకు ఇవ్వాల్సింది అక్కడికి తీరింది.

మా ఆమెకు రొట్టె తెచ్చి ఇచ్చి అంతా చెప్పాను. ఆమె నమలడం ఆపి, "అంటే నన్ను ఏడుగంటలకల్లా సున్న చేసినవా?" అంది.

"ఆరు యాభై నాలుగుకు."

"ఆ ఆరు నిమిషాలు గూడ నాకు ఇయ్యలేదు చూడు," అంది. రొట్టె మొత్తం తింది.

మర్నాటి నుంచి నేను ఫోన్ చెయ్యడం మానేసి లాబ్‌కే పోయి కూర్చున్నాను. ఆ రోజు అంకె 'ఉన్‌సఠ్ హజార్' అన్నాడాయన. అంకెల్ని విడివిడిగా చెప్పమన్నాను. పాంచ్, నౌ. యాభై తొమ్మిది. సఠ్ అంటే సాఠ్, అరవై. ఉన్ అంటే ఒకటి తక్కువ. మన లెక్కలో యాభై మీద తొమ్మిది, వాళ్ల లెక్కలో అరవైకి ఒకటి తక్కువ. మనవాళ్లు ఎక్కిన మెట్టు చూసుకుంటారు, వాళ్లు ఎక్కబోయే మెట్టు చూసుకుంటారు. నాకు ఆ పద్ధతి నచ్చింది. ఇరవై తొమ్మిది ఉన్‌తీస్, ముప్పై తొమ్మిది ఉన్‌తాలీస్, నలభై తొమ్మిది ఉన్‌చాస్, అన్నీ అదే వరస. రాసుకున్నాను.

"ఉన్నవి యాభై తొమ్మిది వేలేనా," అని బామ్మర్ది దిగులుపడితే, పెద్దాయన చేతిలో పెన్ను తిప్పుతూ, "ఒక్క చుక్కలో అంత," అన్నాడు. "ఒంట్లో ఎన్ని చుక్కలు? నాలుగు లీటర్లు అనుకో."

నాలుగు లీటర్లంటే అలాంటి చుక్కలు నలభై లక్షలు. నేను గుణించాను. ఇరవై మూడు వేల ఆరు వందల కోట్లు వచ్చింది. తెలుగులో నేను కోటి మీద వేలు పేర్చుకుంటూ పోయాను. ఆయన మాత్రం వేలు పేర్చలేదు. హిందీలో వంద కోట్లకు ఒక పేరుంది, అరబ్. వంద అరబ్‌లకు ఇంకో పేరుంది, ఖరబ్. "దో ఖరబ్ ఛత్తీస్ అరబ్," అన్నాడు. రెండు ఖరబ్‌లు, ముప్పై ఆరు అరబ్‌లు. "సవా దో ఖరబ్ కంటే ఎక్కువే ఉన్నాయి మీ ఇంటావిడ దగ్గర." సవా దో అంటే రెండూ పావు.

"ఖరాబైనయా?" అన్నాడు బామ్మర్ది అదిరిపడి.

"ఖరాబ్ కాదు, ఖరబ్."

మా పొలం కాగితం, పహాణీలో రెండు గుంటలకు ఎదురుగా ఖరాబ్ అని రాసి ఉంటుంది, పంట రాని నేల అని. చిన్నప్పటి నుంచి ఆ మాటకు నేను ఎరిగిన అర్థం అదొక్కటే. మనిషికి తక్కువైపోయాయని ఏడుస్తున్న రోజున కూడా ఒంట్లో రెండు ఖరబ్‌లు మిగిలి ఉంటాయని తెలిశాక, ఆ మాట చెవికి ఇంకోలా వినబడింది. ఆ పూట మొదటిసారి నేను పూర్తిగా భోంచేశాను.

తర్వాతి రోజు అరవై నాలుగు వేలు. ఎక్కడం మొదలైంది. ఆ మర్నాడు 'నవాసీ హజార్' అన్నాడు. నా పుస్తకంలోని వరస ప్రకారం ఎనభై తొమ్మిదికి తొంభైకి ఒకటి తక్కువ అని ఉండాలి.

"ఉన్‌నబ్బే గద సాబ్ రావాల్సింది?"

"నహీఁ. నవాసీ."

"ఎందుకని? డెబ్బై తొమ్మిదికి ఉన్యాసీ అంటిరి, ఎనభైకి ఒకటి తక్కువ. ఇక్కడొక్కచోట పద్ధతెట్ల మారింది?"

"తొంభై తొమ్మిదికీ మారుతుంది. నిన్యాన్‌వే."

"ఎందుకు?"

"హిందీని అడుగు," అన్నాడు. "నేను రక్తం లెక్కపెడతాను, హిందీని కాదు."

తెలుగులోనైనా కన్నడలోనైనా ఇరవై దాటితే, పదుల పేర్లు వస్తే చాలు, మిగతా అంకెలు వాటంతటవే తోక పట్టుకుని వస్తాయి. హిందీలో వంద దాకా ఒక్కో అంకెకు ఒక్కో మొహం. వందమందిని విడివిడిగా పరిచయం చేసుకోవాలి. లక్షలూ ఖరబ్‌లూ తేలికే, ఆ వంద లోపలే చిక్కంతా. ఆ పూట వందా రాయించుకున్నాను. ఎనభై తొమ్మిది మీద మాత్రం ఇప్పటికీ ఆగుతాను.

మరో రెండు రోజులకు సవా లాఖ్, అంటే లక్షా పాతిక వేలు. ఈసారి నేను రొట్టె ముక్కలు అడగలేదు. ఇంటికి పంపేశారు. బామ్మర్ది అదే జీపులో అదే పరుపు మీద కూర్చోబెట్టి తీసుకొచ్చాడు. "పరుపు వేసినంక మనిషిని ఎక్కించకపోతే ఎట్ల?" అన్నాడు.

నెల తర్వాత డాక్టరు చెప్పాడని చివరిసారి పరీక్ష చేయించాం. మా ఆమె కూడా లాబ్‌కు వచ్చింది. పెద్దాయన కాగితం ఆమె చేతికే ఇచ్చాడు. "ఢాయీ లాఖ్," అన్నాడు, నా వైపు చూసి, "దో పాయింట్ పాంచ్ జీరో," అని కలిపాడు. రెండున్నర లక్షలు.

నేను పుస్తకం తీశాను. జ్వరానికి ముందు రెండు లక్షల అరవై రెండు వేలు. యాభై తొమ్మిది వేల దాకా దిగాయి కాబట్టి పోయినవి రెండు లక్షల మూడు వేలు. తిరిగి వచ్చినవి ఒక లక్షా తొంభై ఒక్క వేలు.

"అన్ని వచ్చినయా?" అంది మా ఆమె.

"చుక్కకు పన్నెండు వేలు తక్కువ."

పెద్దాయన తల కొట్టుకున్నాడు. ఒకే మనిషికి పొద్దున ఒక అంకె, సాయంత్రం ఒక అంకె వస్తుంది, పన్నెండు వేలు లెక్కలోకే రావన్నాడు. అది నిజమే అయి ఉంటుంది. కాని నా పుస్తకంలో మిగిలింది మిగిలినట్టు రాయడమే నాకు తెలుసు. చుక్కకు పన్నెండు వేలు, నలభై లక్షల చుక్కలు.

మా ఆమె లేచి కొంగు సర్దుకుంది. "రాసి పెట్టుకో," అంది. "నేనే ఇస్త. నాకేం తొందర లేదు, నీకేం తొందర ఉన్నది?"

మళ్లీ రక్తం తీయిస్తే తేలిపోయే లెక్కే ఇది. తీయించాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు. రాకూడదని, ఆ పేజీ కొట్టెయ్యకుండా అలాగే ఉంచాను. అంకె దారి తప్పకుండా కామాలు పెట్టి, పక్కనే హిందీలో ఎలా పలకాలో కూడా రాసుకున్నాను. ఆమె నుంచి నాకు ఇంకా రావాల్సింది: 48,00,00,00,000. అడ్‌తాలీస్ అరబ్.